వేడి మీద కొలిచిన షాఫ్టు

(విజయవాడలో ఐటీఐ కొత్త బ్యాచ్ విద్యార్థులు, తల్లిదండ్రుల ముందు ఒక రిటైర్డ్ ట్రైనింగ్ ఆఫీసర్ చేసిన ప్రసంగ పాఠం)

ప్రిన్సిపాల్ గారికి, డిప్యూటీ, అసిస్టెంట్ ట్రైనింగ్ ఆఫీసర్ (డీటీవో, ఏటీవో) మిత్రులకి, దూరాల నుంచి వచ్చిన తల్లిదండ్రులకి, ఇవాళ కొత్తగా చేరిన పిల్లలకి నమస్కారం. వెనకాల నిలబడ్డ వాళ్ళు లోపలికి వచ్చి కూర్చోండమ్మా, ముందు వరసలో కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి.

పొద్దున గేటు దగ్గర ఒకాయన నన్ను ఆపి అడిగారు. "సార్, మావాడికి టెన్త్‌లో మార్కులు తక్కువొచ్చాయి. ఇంకెక్కడా కుదరక ఇక్కడ ఫిట్టర్‌లో వేశాం. ఏదో ఒక దారి దొరుకుతుందంటారా?" ఆయన పక్కనే వాళ్ళబ్బాయి తల వంచుకుని నిలబడ్డాడు. ఆ తండ్రిని నేను తప్పు పట్టను. పిల్లల గురించి భయం ఉన్న వాళ్ళు అలాగే అడుగుతారు. కానీ ఆ మాట పిల్లాడి ముందే అన్నప్పుడు నాకు కడుపులో కలుక్కుమంది. గేటు దగ్గర రెండు ముక్కల్లో చెప్పే జవాబు కాదు కాబట్టి, ఇక్కడ అందరికీ కలిపి చెబుతాను.

ఫిట్టర్ రెండేళ్ళు. టర్నర్, మెషినిస్ట్ కూడా రెండేళ్ళే. వెల్డర్ ఏడాది. ఈ రెండేళ్ళలో మొదటి మూడు నెలల గురించే నేను ఎక్కువ మాట్లాడతాను. పిల్లలు మానేసేది ఆ మూడు నెలల్లోనే. నా సర్వీసులో ప్రతి ఏడూ చూశాను.

ఏం జరుగుతుందంటే, మీ చేతికి ఒక ఆకురాయి, అదే ఫైలు, ఇస్తారు. బెంచీ వైస్‌లో ఎమ్మెస్ ఫ్లాట్, అంటే మెత్తటి ఉక్కు పట్టీ ముక్క బిగించి, దీన్ని చదును చెయ్యి అంటారు. రేపూ అదే, ఎల్లుండీ అదే. వారం తిరిగేసరికి అరచేతిలో బొబ్బలు లేస్తాయి. ఇంటికెళ్ళి "అమ్మా, అక్కడేం నేర్పట్లేదు, పొద్దస్తమానం ఇనుము అరగదీయిస్తున్నారు" అంటారు. ఇంట్లో వాళ్ళకి నిజంగానే అనుమానం వస్తుంది. యూట్యూబ్‌లో చూస్తే మిషన్లు వాటంతట అవే పని చేస్తుంటాయి, మావాడితో ఇదేంటి అని.

అమ్మా, ఆకురాయి ముందుకు తోసినప్పుడే కోస్తుంది. వెనక్కి లాగేటప్పుడు నొక్కితే దాని పళ్ళు పోతాయి తప్ప ముక్క అరగదు. తోయడం మొదలుపెట్టినప్పుడు కొస మీదున్న ఎడమచేతి బరువు ఎక్కువుండాలి, పిడి పట్టుకున్న కుడిచేతి బరువు తక్కువుండాలి. సగం దూరం వచ్చేసరికి రెండు చేతులూ సమానం కావాలి. చివరికి వచ్చేసరికి కుడిచెయ్యి బరువు ఎక్కువ, ఎడమచెయ్యిది తక్కువ. ఇదంతా ఒక్క తోపులో, సెకనులో అయిపోవాలి. ఆలోచిస్తూ చేస్తే కుదరదు. చేతికి అలవాటు కావాలి. అలవాటు కానంతకాలం ఆకురాయి తక్కెడ కొయ్యలా అటూ ఇటూ ఊగుతుంది, ముక్క అంచులు తగ్గిపోయి నడుం తాబేలు వీపులా ఉబ్బుతుంది. మొదటి నెలలో ఇరవై మంది ముక్కలు తెచ్చి వరసగా పెడితే ఇరవై తాబేళ్ళు.

చదునుగా వచ్చిందో లేదో ఎలా చూస్తారు? ట్రై స్క్వేర్, అంటే మూలమట్టం, దాని బ్లేడు ముక్క మీద ఆనించి కిటికీ వైపు ఎత్తి పట్టుకోవాలి. కింద సందులోంచి వెలుతురు వస్తే అక్కడ పల్లం ఉన్నట్టు. స్కేలు పెట్టి కొలవలేనంత సన్నటి సందులోంచి కూడా వెలుతురు దారి చేసుకుని వస్తుంది. ఏదో ఒక రోజు ఆ పిల్లాడు బ్లేడు ఆనించి ఎత్తి చూస్తే ఈ చివర నుంచి ఆ చివర దాకా చీకటిగా ఉంటుంది. వెలుగు రాదు. వాడు నమ్మడు. ముక్క తిప్పి చూస్తాడు, ఐమూలగా ఆనించి చూస్తాడు. అప్పుడు పరిగెత్తుకుంటూ నా టేబుల్ దగ్గరికి వస్తాడు. టెన్త్ మార్కుల మెమో చూసి ఎవరూ మెచ్చుకోని పిల్లాడు "సార్, వెలుతురు రావట్లేదు" అని ఆ ముక్క నా చేతిలో పెట్టిన రోజులు నాకు బాగా గుర్తున్నాయి. ఆ రోజు నుంచి వాడి నడక వేరుగా ఉంటుంది.

ఇక్కడ ఒక చిన్న విషయం. ఫైలింగ్ చేసిన చోట చేత్తో తుడవకండి, నోటితో ఊదకండి. ఇనుప రజను చేతిలో గుచ్చుకుంటుంది, ఊదితే కంట్లో పడుతుంది. చేతి జిడ్డు అంటితే ఆకురాయి పట్టు దొరక్క జారుతుంది. బ్రష్ వాడండి.

ఇప్పుడు కొలత సంగతికి వస్తాను. ఇది నా సొంత అనుభవం, నా తప్పు.

అప్రెంటిస్ పూర్తి చేసిన కొత్తలో నేను ఒక షెడ్డులో లేత్ మీద, అంటే ముక్కని తిప్పుతూ కోసే మిషన్ మీద, పనిచేసేవాణ్ణి. ఒక రైస్ మిల్లు షాఫ్టు, అంటే తిరిగే ఇరుసు, వచ్చింది. బేరింగ్ కూర్చునే చోట వ్యాసం 100 మిల్లీమీటర్లు. డ్రాయింగ్‌లో కె6 అని రాసి ఉంది. అంటే ఆ షాఫ్టు 100.003కి తగ్గకూడదు, 100.025ని మించకూడదు. మధ్యలో మనకిచ్చిన జాగా 22 మైక్రాన్లు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. మిల్లు వాళ్ళు తొందర పెడుతున్నారు. కోతని చల్లబరిచే కూలెంట్ సరిగా లేదు, అయినా బలంగా కోత పెట్టి లాగేశాను. మిషన్ ఆపి వెంటనే మైక్రోమీటరు పెట్టాను. 100.02 చూపించింది. బ్రహ్మాండం అనుకుని షాఫ్టు దింపేశాను. తెల్లారి బేరింగ్ తెచ్చి పెడితే, బిగువుగా నెట్టి ఎక్కించాల్సిన బేరింగ్ గాజులా జారిపోయింది.

ఏమైంది? ఉక్కు మీటరు పొడవున ఒక్క డిగ్రీ వేడెక్కితే సుమారు 12 మైక్రాన్లు సాగుతుంది. 100 మిల్లీమీటర్ల వ్యాసానికి లెక్క కడితే డిగ్రీకి 1.2 మైక్రాన్లు. నేను కొలిచినప్పుడు ఆ షాఫ్టు మామూలు కన్నా 40 డిగ్రీలు ఎక్కువ వేడి మీద ఉందనుకోండి, 48 మైక్రాన్లు ఉబ్బి ఉంది. రాత్రి చల్లారింది, 99.97కి దిగిపోయింది. ఉన్న జాగాయే 22, నేను పోగొట్టింది 48. కోతల సీజన్ అది. మిల్లు రెండు రోజులు ఆగిపోయింది. బయట ధాన్యం ట్రాక్టర్లు వరస కట్టి ఉన్నాయి, మబ్బు పట్టి ఉంది, రైతులు ధాన్యం మీద టార్పాలిన్ పట్టాలు కప్పుకుంటున్నారు. నేను వెళ్ళి కళ్ళారా చూశాను. నా చేతిలో మైక్రోమీటరు తప్పు చెప్పలేదు. అడగాల్సిన సమయంలో అడగలేదు నేను.

అప్పటి నుంచి నా దగ్గర చదివిన ప్రతి బ్యాచ్‌కీ మొదటి టర్నింగ్ క్లాసులో చెబుతూ వచ్చాను. ముక్క మీద చెయ్యి పెట్టు, మిషన్ ఆగాక. చేతికి వెచ్చగా తగిలితే ఫైనల్ కొలత తీయకు. ప్రపంచమంతా కొలతలకు 20 డిగ్రీల సెల్సియస్‌ని ప్రామాణికంగా పెట్టుకుంది. మన బెజవాడలో మే నెలలో వర్క్‌షాపు రేకుల కింద ఎంతుంటుందో మీకు తెలుసు. ముక్కా ఉక్కే, మైక్రోమీటరూ ఉక్కే, రెండూ ఒకే వేడిలో చాలాసేపు ఉంటే రెండూ కలిసే సాగుతాయి, పెద్దగా ఇబ్బంది లేదు. అల్యూమినియం అయితే అది ఉక్కుకి దాదాపు రెండింతలు సాగుతుంది, అప్పుడు లెక్క మారిపోతుంది. ఇది ఫిజిక్స్ పుస్తకంలో ఉంది, నేనూ చదివాను. షాఫ్టు పాడు చేశాకే నాకు ఎక్కింది. మీకు ముక్క పాడవకుండానే ఎక్కాలని ఇంతసేపు చెబుతున్నాను.

మన ఆటోనగర్ సంగతి. ఇక్కడున్న చాలామంది ఇళ్ళల్లో ఎవరో ఒకరు ఆటోనగర్‌లో పనిచేసే ఉంటారు. లారీ బాడీ కట్టే వాళ్ళు, క్రాంక్ షాఫ్టు గ్రైండింగ్ చేసే వాళ్ళు, లేత్ మేస్త్రీలు. ఒక్క రోజు కూడా కాలేజీ గడప తొక్కకుండా పని నేర్చిన వాళ్ళ ముందు నేను ఇప్పటికీ చేతులు కట్టుకుని నిలబడతాను. మేస్త్రీ అటు తిరిగి టీ తాగుతూ, మిషన్ శబ్దం విని "టూల్ మొద్దుబారింది, ఆపరా" అంటాడు. కోతలో వచ్చే చిప్పు నీలం తిరిగితే స్పీడు తగ్గించమంటాడు. ఆయన అంగుళాల్లో, నూళ్ళలో మాట్లాడతాడు. నూలంటే అంగుళంలో ఎనిమిదో వంతు, మూడు మిల్లీమీటర్లకి కాస్త పైన. ఆ చెవి, ఆ కన్ను మేము రెండేళ్ళలో ఇవ్వలేం. పదేళ్ళు పడుతుంది.

మరి కాలేజీ ఎందుకు? అలాంటి ఒక మేస్త్రీకే జరిగింది చెబుతాను. బయటి దేశం కంపెనీ డ్రాయింగ్ చూసి పాతిక బ్రాకెట్లు చేశాడు. పనితనం చూస్తే ముద్దొస్తుంది. ఒక్కటీ బిగలేదు. కుడిపక్క ఉండాల్సిన బెజ్జం ఎడమపక్క వచ్చింది, అద్దంలో చూసినట్టు. మన దగ్గర డ్రాయింగు ఫస్ట్ యాంగిల్‌లో గీస్తారు, అమెరికా వాళ్ళు థర్డ్ యాంగిల్‌లో గీస్తారు. ఒకదాంట్లో ఎడమ నుంచి చూసిన బొమ్మ కుడిపక్కన వేస్తారు, ఇంకోదాంట్లో ఎడమపక్కనే వేస్తారు. డ్రాయింగ్ కింద మూలలో చిన్న గుర్తు ఉంటుంది, ఏ పద్ధతో చెప్పడానికి. ఆయనకి ఆ గుర్తు ఎవరూ చూపించలేదు. పాతిక బ్రాకెట్ల మెటీరియల్, పని కూలి ఆయనే భరించాడు. మేస్త్రీ చేతిలో ఉన్న విద్యకి ఈ గుర్తు, ఆ కె6 అక్షరం, ఆ 12 మైక్రాన్ల లెక్క తోడైతే వాడిని ఎవరూ ఆపలేరు. అందుకే ఇంజినీరింగ్ డ్రాయింగ్ క్లాసు ఎగ్గొట్టకండి. వర్క్‌షాపు కాలిక్యులేషన్ క్లాసులో నిద్రపోకండి. మీ నాన్న మేస్త్రీ అయితే మరీ ముఖ్యంగా.

ఇక పెద్దవాళ్ళతో, మా శాఖ వాళ్ళతో ఒక మాట. ఈ క్రాఫ్ట్స్‌మెన్ ట్రైనింగ్ స్కీము 1950లో మొదలైంది. 1956లో రోజువారీ నిర్వహణ రాష్ట్రాల చేతికి వచ్చింది. అప్పటి నుంచీ షిప్‌యార్డు, స్టీల్ ప్లాంటు, రైల్వే వర్క్‌షాపులు, బీహెచ్ఈఎల్, ఎక్కడికెళ్ళినా మన ఐటీఐ పిల్లల చేతులే. అంత చేసిన వ్యవస్థకి మనం ఏం పెడుతున్నాం? నేను పనిచేసిన ఒక చోట యూనిట్‌కి ఇరవై మంది పిల్లలుంటే నడిచే లేత్‌లు మూడు. మిగతావి చిన్న చిన్న స్పేర్ల కోసం నెలల తరబడి పడి ఉండేవి. ముడిసరుకు డబ్బు విద్యా సంవత్సరం సగమయ్యాక వచ్చేది. అప్పటిదాకా ఒకే ముక్కని ఈ పక్క అరగదీసి, తర్వాత ఆ పక్క అరగదీసి, కాగితమంత పల్చనయ్యేదాకా వాడేవాళ్ళం. ఆటోనగర్ వెళ్ళి స్క్రాపు ముక్కలు అడిగి తెచ్చిన రోజులున్నాయి. అక్కడి వాళ్ళు ఏనాడూ కాదనలేదు, పిల్లలకంటే సంచీ నింపి ఇచ్చారు. ఇంకో చోట కంప్యూటర్‌తో నడిచే కొత్త సీఎన్‌సీ మిషన్ వచ్చింది. దానికి కరెంటు కనెక్షన్ సరిపోక, నడిపే మనిషి లేక, ప్లాస్టిక్ కవరు తీయకుండానే ఒక బ్యాచ్ మొత్తం వెళ్ళిపోయింది. ఆ పిల్లలు దాని పక్కన నిలబడి ఫోటోలు దిగారు. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

పక్క రాష్ట్రం తెలంగాణలో 2024లో 65 ప్రభుత్వ ఐటీఐలని అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని టాటా టెక్నాలజీస్‌తో కలిసి మొదలుపెట్టారు. మంచి పని. మనకీ కొత్త మిషన్లు రావాలి. మిషన్‌తో పాటు దాన్ని నేర్పే మనిషి జీతం, దానికి తిండి పెట్టే ముడిసరుకు కూడా అదే కాగితంలో రాసి ఉండాలని నేను అడుగుతున్నాను. ముక్క లేకుండా ఫిట్టర్‌ని తయారు చెయ్యలేం. నీళ్ళు లేకుండా ఈత నేర్పమంటే ఎలా?

తల్లిదండ్రులు ఒక్క పని చెయ్యండి. నెలకోసారి పిల్లాణ్ణి "ఈ నెల ఎన్ని జాబులు చేశావు?" అని అడగండి. జాబంటే ప్రాక్టికల్‌లో చేసిన ముక్క. ప్రాక్టికల్ రికార్డు తీసి చూడండి. జాబు బొమ్మ, కొలతలు, ఏటీవో సంతకం, తేదీ ఉంటాయి. చదువు రాని తల్లి కూడా పేజీలు లెక్కపెట్టొచ్చు. పేజీలు ఖాళీగా ఉంటే ఇక్కడికి వచ్చి నిలదీయండి. హాజరు వేసి, పరీక్ష రాయించి, సర్టిఫికెట్ చేతిలో పెట్టే చోట్లు కూడా ఉన్నాయి. ఆ సర్టిఫికెట్ పట్టుకెళ్ళిన పిల్లాడికి ఇంటర్వ్యూలో వెర్నియర్ అనే కొలత పనిముట్టు ఇచ్చి చదవమంటే చెమటలు పడతాయి. పాపం వాడిదేం తప్పు?

సీఎన్‌సీ వచ్చాక ఈ చేతిపని ఎందుకని పిల్లలు అడుగుతుంటారు. సీఎన్‌సీ మనం చెప్పిందే చేస్తుంది, తప్పు చెబితే తప్పే చేస్తుంది, అదీ చాలా వేగంగా. టూల్ కొస ఎక్కడుందో మిషన్‌కి చెప్పాల్సింది మనిషే. ఒక సున్నా తప్పు కొడితే టూల్ వెళ్ళి ముక్కని బిగించే చక్‌ని గుద్దుతుంది. మొదటి ముక్క తీసి కొలిచి, ఆఫ్‌సెట్, అంటే టూల్ సవరణ, ఎంత మార్చాలో చెప్పేదీ మనిషే. కోత శబ్దం మారిందని గుర్తుపట్టేదీ మనిషే. మామూలు లేత్ మీద చేత్తో ఫీడ్ ఇచ్చినప్పుడు టూల్ మీద పడే బరువు అరచేతికి తెలుస్తుంది. అది తెలిసినవాడు సీఎన్‌సీ ముందు నిలబడితే ఎంత కోత పెట్టాలో వాడికి అంచనా ఉంటుంది. ఇంకా పైకి వెళ్ళాలనుకునే వాళ్ళకి హైదరాబాద్ బాలానగర్‌లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ 1968 నుంచి ఉంది. రెండేళ్ళ ట్రేడ్ పాసైతే పరీక్ష రాసి పాలిటెక్నిక్ రెండో ఏడాదిలో చేరే దారీ ఉంది.

ఇక్కడి నుంచి బయటికెళ్ళగానే అప్రెంటిస్ చెయ్యండి. స్టైపెండ్ తక్కువని మానకండి. అప్రెంటిసెస్ చట్టం 1961 నాటిది. 30 మంది, అంతకు పైన పనివాళ్ళున్న సంస్థ తన సిబ్బందిలో 2.5 నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లని తీసుకోవాలని నిబంధన. కంపెనీ వాళ్ళేం మనకి దానం చెయ్యట్లేదు. మనకి దగ్గర్లో గుంటుపల్లి రైల్వే వ్యాగన్ వర్క్‌షాపు ఉంది, తిరుపతిలో క్యారేజ్ రిపేర్ షాపు ఉంది, సికింద్రాబాద్ దగ్గర లాలాగూడ రైల్వే వర్క్‌షాపు ఉంది. నోటిఫికేషన్లు చూస్తూ ఉండండి.

వెల్డర్ పిల్లలకి రెండు ముక్కలు. షీల్డ్ లేకుండా ఒక్క నిమిషమే కదా అని ట్యాక్, అంటే చిన్న అతుకు, వెయ్యకండి. అప్పటికేం తెలియదు. అర్ధరాత్రి కళ్ళల్లో ఇసుక పోసినట్టు మంట మొదలవుతుంది, కన్ను తెరవలేరు. 7018 వెల్డింగ్ రాడ్లు ఓవెన్‌లో ఆరబెట్టకుండా వాడకండి, చెమ్మ లోపలికి పోయి తర్వాత వెల్డు పగులుతుంది. పైపు 45 డిగ్రీలు వంచి, కదలకుండా బిగించి, చుట్టూ తిరిగి వెల్డు వేసే 6జీ టెస్టు పాసైతే గల్ఫ్ దాకా మీ పేరు చెప్పుకుంటారు.

ముందు వరసలో ఆడపిల్లలు నలుగురు కనిపిస్తున్నారు. సంతోషం. నా టర్నర్ బ్యాచ్‌లో ఒక అమ్మాయి చేరింది. లేత్ ఆమెకి ఎత్తయింది. చెక్క పీట ఒకటి చేయించి కాళ్ళ కింద వేశాం. అంతే, సమస్య తీరిపోయింది. ఆ చిన్న పీట లేకే ఎంతమంది అమ్మాయిలకి "ఇది మీ వల్ల కాదు" అన్నామో. ఆ అమ్మాయి రోజూ వర్క్‌షాపులోకి అడుగు పెట్టే ముందు జడ చుట్టి టోపీలో దోపుకునేది, చున్నీ బయటే పెట్టేది. మగపిల్లలు కూడా అంతే, వదులు చొక్కా చేతులు, మెడలో గొలుసు, చేతికి తాడు ఉండకూడదు. లేత్ మీద గ్లౌజులు అసలు వద్దు. గ్లౌజు తిరిగే ముక్కకి చిక్కుకుంటే చెయ్యి లోపలికి లాగేస్తుంది. చక్ బిగించే కీ చక్‌లో వదిలేసి చెయ్యి తీయకండి. నీళ్ళు తాగడానికైనా సరే, కీ చేతిలోకి తీసుకున్నాకే కదలండి. ఈ ఒక్క విషయంలో నేను పిల్లల మీద గట్టిగా అరిచాను, క్షమాపణ కూడా చెప్పలేదు.

రేపు ఎనిమిదింటికల్లా బూట్లు వేసుకుని రండి, చెప్పులతో వర్క్‌షాపులోకి రానివ్వరు.

చివరగా నా జేబులో ఒకటి తెచ్చాను. ఇది స్క్వేర్ ఫిట్టింగ్. బయట చతురస్రం బెజ్జం, లోపల చతురస్రం ముక్క. రెండూ ఆకురాయితో చేత్తో చేసినవే. చేసింది నేను కాదు, నా చివరి బ్యాచ్‌లో ఒక పిల్లాడు. వాడికీ టెన్త్‌లో మార్కులు తక్కువే. పొద్దున గేటు దగ్గర మాట్లాడినాయన ఎక్కడున్నారు? ఆ, అక్కడున్నారు. బాబూ, నువ్వు లే, ఇటు వచ్చి ముందు నువ్వు తీసుకో. వెలుతురు వైపు పట్టుకుని చూడు. తర్వాత లోపలి ముక్క బయటికి నెట్టి, పావు చుట్టు తిప్పి మళ్ళీ పెట్టు. నాలుగు వైపులా అలాగే చూడు. పెట్టేటప్పుడు బలం వాడకు, దానంతట అదే దిగాలి. చూశాక మీ నాన్నకి ఇవ్వు, ఆయన చూశాక పక్కవాళ్ళకి ఇవ్వండి. చేతులకి చెమట ఉంటే తుడుచుకుని పట్టుకోండమ్మా, తుప్పు పడుతుంది.